ఎండకాలంలో బొగ్గుల గుంత

ఆ రోజుల్లో నా గొంతు విన్నవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. అమ్మ, బాపు, అన్న, అవ్వ, మా బర్రె. (బర్రెతో మాత్రం చాలాసేపు మాట్లాడేదాన్ని, అది మధ్యలో అడ్డం రాదు కాబట్టి.) కల్వకుర్తిలో మేనమామ ఇంట్లో ఉండి మెట్రిక్ దాకా చదివి, తిరిగి మా ఊరికొచ్చి ఇంట్లో కూర్చున్న పదిహేడేండ్ల పిల్లను. చుట్టాలు వస్తే ధాన్యం గాదె వెనక్కి పోయి, వాళ్లు పోయేదాకా అక్కడే కూర్చుని చదువుకునేదాన్ని, లేకపోతే ఆనాటి సంగతులు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఒకసారి ఒక చుట్టపాయన "గా పిల్ల మూగదా?" అని అడిగితే మా అవ్వ "మూగది గాదు, మాటలు కూడవెట్టుకుంటాంది" అందట. అటువంటి దాన్ని ఒక ఎండకాలం ఊరి పటేలుకు ఎదురుగా నిలబడి, మా పెదబాపును పక్కకు జరగమన్నానంటే, అయిదారేండ్లు గడిచిన తర్వాత నాకే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ జరిగింది. జరగవలసిందే అని కూడా ఇప్పటికీ అనుకుంటున్నాను.

దీనికంతటికీ మూలం మా పెదబాపు, అంటే బాపుకు అన్న. ఆయనకు మంట అంటే మర్యాద. ఇంట్లో యాటను, అంటే మేకనో గొర్రెనో, కోసిన రోజున ఆడవాళ్లు ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టక ముందే మగవాళ్లు వాకిట్లో నిప్పు రాజేసి కార్జం కాల్చుకుని తినడం మా ఇంటి ఆచారం. చేతెడు కార్జం కాల్చడానికి పెదబాపు సగం బండెడు కట్టె వేసేవాడు. మంట చూరు దాకా లేస్తే గాని ఆయన ముఖంలో వెలుగు వచ్చేది కాదు. "మంట దూరంకెల్లి కనవడాలె. ఎవలింట్ల దావతో ఊరికి ఎరుక గావాలె" అనేవాడు. అంతకు ముందు ఎండకాలం ఊరికి బాగానే ఎరుకైంది. నడిమధ్యాహ్నం గాలి లేచి, మా వాకిట్లోంచి ఒక నిప్పురవ్వను ఎత్తుకుపోయి, మా ఇంటి వెనకున్న పటేలు గడ్డివాము మీద కూర్చోబెట్టింది. వాము మొత్తం, పక్కనున్న కొట్టం కప్పు సగం కాలిపోయాయి. పశువులను విప్పి తోలారు కాబట్టి అవి బతికాయి. అందరికంటే ముందు కుండ ఎత్తుకుని ఉరికింది పెదబాపే. ఆ కుండలో ఉన్నది నీళ్లు కాదని, దావతుకు తెప్పించిన కల్లు అని, అది పోసిన తర్వాత తెలిసింది. (ఆయన ఆ ఏడంతా బాధపడింది గడ్డికో కల్లుకో నేను చెప్పలేను.)

మా పటేలును ఊరంతా చాటున రుమాలు పటేలు అనేవాళ్లు. ఆయన తలకు చుట్టుకునే తెల్ల రుమాలు అంత పెద్దది, దాన్ని విప్పి పరిస్తే ఇద్దరు పడుకోవచ్చు. వాము కాలిన తర్వాతి ఏడు ఆయన డప్పు చాటింపు వేయించాడు: ఉగాది నుంచి తొలివాన పడేదాకా ఎవరూ ఇంటి బయట నిప్పు రాజేయొద్దు, కాల్చుడైనా వండుడైనా నాలుగు గోడల మధ్యనే. ఊరు సరేనంది. మగవాళ్లకు పోయిందేముంది, కార్జం వేడివేడిగా లోపలి నుంచి వస్తుంది. ఆ రోజు నేను నోటుబుక్కులో రాసుకున్నది ఒకే వాక్యం: మంట పెట్టింది మగవాళ్లు, లోపల ఉడికేది ఆడవాళ్లు.

మా వంటింటికి కిటికీ లేదు. మా అమ్మకు దమ్ము, అంటే ఉబ్బసం. పొయ్యి ముందు గంటసేపు కూర్చుంటే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. కల్వకుర్తి దవాఖానలో డాక్టరు "పొగకు దూరంగ ఉండాలె" అని చెప్పాడు. బాపు తల ఊపాడు, అమ్మ తల ఊపింది, ఇంటికొచ్చి అమ్మ పొయ్యి ముట్టించింది. కిటికీ పెట్టించాలని బాపు ఇనుప చువ్వల చట్రం కూడా కొనుక్కొచ్చాడు గాని, దక్షిణం గోడకు కన్నం పెట్టొద్దని పెదబాపు అడ్డం పడ్డాడు. మిగిలిన మూడు గోడల అవతల మా గదులు, పక్కవాళ్ల ఇండ్లే. మా బాపు అన్న మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు (నా సిగ్గు ఎవరి సొత్తో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది). ఆ చట్రం నాలుగేండ్లుగా కొట్టంలో కోళ్లకు నిచ్చెన అయింది.

ఆ వైశాఖంలో మా అన్న కొడుక్కు పుట్టువెంట్రుకలు తీయాలని ఉగాదికే ముహూర్తం పెట్టుకున్నారు. రెండు యాటలు, అరవై మంది చుట్టాలు. అంతమందికీ ఆ చీకటి గదిలో, నాలుగు గోడల మధ్య, అమ్మ వండాలి. ముందటి నెలలో పదిమందికి వండినందుకే అమ్మ వారం రోజులు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది. "అరవై మందికి వండితే ఏమైతదమ్మా?" అని అడిగాను. "ఏమైతది, పండుగైతది" అంది, దగ్గు మధ్యలో. నాకు పండుగ కనపడలేదు. ఆ గోడ కనపడింది.

అప్పుడు నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఎవరికీ చెప్పకపోవడం. (అది నాకు బాగా వచ్చిన పని.) రోజూ పొద్దున అన్నం వండడం అయిపోగానే పొయ్యిలో ఇంకా ఎర్రగా ఉన్న నిప్పులను పట్టకారుతో తీసి పాత కుండలో వేసి, మూత పెట్టి, మూత చుట్టూ తడిమన్ను మెత్తేదాన్ని. గాలి ఆడక నిప్పులు లోపలే చచ్చి నల్లటి బొగ్గులయ్యేవి. లేకపోతే అవి వట్టి బూడిదై పోయేవే కదా. ఉగాది వెళ్లిన తెల్లారి మొదలుపెట్టి, ఒక్క కొత్త కట్టె ముట్టుకోకుండా, రెండు సంచుల తుమ్మబొగ్గులు పోగుచేశాను. బొగ్గు రాజుకున్న తర్వాత పొగ ఉండదు, మంట లేవదు. మంట లేవకపోతే రవ్వలు ఎగరవు. రవ్వలు ఎగరకపోతే పటేలుకు వచ్చిన కష్టమేమిటి? నా లెక్కకు తిరుగులేదనిపించింది. కాగితం మీద.

ఇంటి వెనక, గడ్డికి, చూరుకు దూరంగా ఉన్న జాగాలో, మోకాలి లోతు గుంత ఒకటి తవ్వాను. రోజూ మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు తవ్వేదాన్ని. మోకాలి లోతు ఎందుకంటే నిప్పు నేల కింద ఉంటే గాలి దాని మీది నుంచి పోతుందని. అడుగున గులకరాళ్లు పరిచి, బొగ్గులు పోసి, పొయ్యిలోంచి నాలుగు నిప్పులు తెచ్చి పైన వేసి, రెండు వంకాయలు పెట్టి చూశాను. (చాటింపు ఉండగా రాజేయడం తప్పే. రెండు వంకాయలంత తప్పు.) గడియసేపటికి నిప్పులు నల్లబడ్డాయి. వంకాయలు పెట్టినవి పెట్టినట్లే ఉన్నాయి. బర్రెకు పెడితే అది కూడా ఒకసారి నా ముఖం చూసి గాని తినలేదు. రెండు రోజులు బాధపడి, మూడో రోజు కుమ్మరి పెద్దమ్మ దగ్గరికి పోయాను. కుండలు కాల్చే ఆవం ఆమెదే, నిప్పు సంగతి ఆమెకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? నేను నోటితో అడగలేక నేల మీద పుల్లతో గుంత బొమ్మ గీసి చూపించాను. ఆమె పకపకా నవ్వింది. "దీనికి ముక్కేది బిడ్డా? నిప్పు గూడ దమ్ము తీసుకోవాలె గద. కిందికెల్లి గాలి పోనియ్యకపోతె అది నీ లెక్కనే నోరు మూసుకుంటది" అంది.

అమ్మను తలుచుకుంటూ గుంతకు ముక్కు తవ్వాను. పడమటి నుంచి అడుగుకు పోయేటట్లు చేరెడు వెడల్పున ఒక కాలువ. ఈసారి నిప్పు ఎంత బాగా దమ్ము తీసుకుందంటే వంకాయలు కూడా బొగ్గులైపోయాయి. కాలువ మూతికి ఒక రాయిని అడ్డం పెట్టి, దాన్ని జరుపుతూ ఉంటే నిప్పు చెప్పినట్లు వింటుందని నాలుగోసారికి గాని తెలియలేదు. ఇక గుంత మీద పరచడానికి చువ్వలు కావాలి. కొట్టంలోకి పోయి, కోళ్లను లేపి, కిటికీ చట్రాన్ని బూడిదతో తోమి తెచ్చి గుంత మీద పెట్టాను. సరిగ్గా సరిపోయింది. గోడకు పెట్టనివ్వకపోతే నేలకు పెట్టాను, అంతే.

ఆ రోజే అవ్వ చూసింది. గుంత చూసింది, నన్ను చూసింది, పార చూసింది. "ఎవల్ని పూడ్సిపెడుతున్నవే? మా పెద్దోన్నా?" అంది. నేను కాలిన వంకాయకు ఉప్పు రాసి ఇచ్చాను. అవ్వకు ఉన్న నాలుగు పండ్లతో దాన్ని నిదానంగా తిని, గుంత మీదికి చెయ్యి చాపి సెగ చూసి, చూరు దిక్కు చూసి, గాలి దిక్కు చూసి, "పొగ లేదు గదనే" అంది. ముక్కుతో గాలి పీల్చి చూసి, "మీ అమ్మ గీడ కూసుంటె దగ్గదు" అంది. నేను తల ఊపాను. "మరి పటేలుకు చెప్పాలె" అంది. నేను గాదె వెనక్కి పోయాను.

నోరు రాకపోతేనేం, చెయ్యి వస్తుంది కదా. పటేలుకు రాసిన అర్జీ రెండు పేజీలు వచ్చింది. గుంత లోతు ఎంత, నిప్పు ఎట్లా ఆర్పాలి, మీద బోర్లించడానికి ఎంత బాండి కావాలి, పక్కన ఎన్ని కడవల నీళ్లు, ఎన్ని తడి గోనెసంచులు, ఎంత ఇసుక ఉంచాలి, అన్నీ రాసి, చివర "తమరు దయతో ఆలోచించగలరు" అని ముగించాను. అవ్వ దాన్ని బొడ్లో దోపుకుని పోయింది. పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. "పటేలుకు ఉర్దూ సదువే వచ్చునంట. గీ తెలుగు గెలుకుడు రాదంట. రాసిన పిల్లనే వచ్చి సదవమన్నడు" అంది. నేను ఎంత ఆలోచించి ఎంత అందంగా రాశానో అంతా నా మెడకే చుట్టుకుంది. అవ్వ నా రెక్క పట్టుకుని నడిపించింది. పటేలు ఇంటి అరుగు మీద ఆయనా, ఆయన పక్కనే మా పెదబాపూ కూర్చుని ఉన్నారు. నేను తలుపు రెక్క చాటున నిలబడి రెండు పేజీలనూ ఒక్క ఊపిరిలో చదివాను.

"ఏమన్నదీమె?" అన్నాడు పటేలు.

"నాకు గూడ తెల్వలే" అన్నాడు పెదబాపు.

"మళ్ల సదువు బిడ్డా. జర మెల్లగ. నిన్నెవలు తరుముతలేరు" అన్నాడు పటేలు.

మళ్లీ చదివాను. గుంత సంగతి వచ్చేసరికి పెదబాపు తొడ చరుచుకుని నవ్వాడు. "పటేలా, గీ పిల్ల సుట్టాలొస్తె గాదెన్క దాసుకుంటది. ఇప్పుడు నిప్పును గూడ గుంతల దాస్తనంటాంది." పటేలు నవ్వలేదు. ఆయనకు వాము పోయిన బాధ ఇంకా ఉంది. రుమాలు సర్దుకుని, "కాయిదం మీద ఏ నిప్పు అంటుకోదు. నేనొచ్చి చూస్త. పొద్దుగూకినంక గాదు. ఎండ నడినెత్తి దాటినంక, గాలి లేసినప్పుడు. నా కొత్త వాములకెల్లి ఒక గడ్డికట్ట తెస్త. గాలి పోయే దిక్కున, గుంతకు రెండు బారల దూరంల నిలవెడ్త. గా గడ్డికి సెగ తాకినా సరే, ఇగ గీ ముచ్చట ఎత్తద్దు. మీ అమ్మ లోపల్నే వండాలె" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా అవ్వ ఏమేమో చెప్పింది. నాకు వినపడింది ఒకటే. మీ అమ్మ లోపల్నే వండాలె.

మర్నాడు గాలి కూడా పటేలు చెప్పినట్లే విన్నది. రెండు జాములు దాటేసరికి దుమ్ము లేచింది. పటేలు నిజంగానే గడ్డికట్ట తెచ్చి, కర్రకు కట్టి, గుంతకు తూర్పున పాతి, దాని పక్కనే మంచం వేయించుకుని కూర్చున్నాడు. నేను బొగ్గులు రాజేసి, మీద తెల్లటి బూడిద పొర పట్టేదాకా ఆగి, అవ్వ తెప్పించి ఉప్పు, కారం, పసుపు పట్టించిన కార్జం ముక్కలు చువ్వల మీద పరిచాను. బూడిద పొర కింద నిప్పు కణకణమంటోంది గాని పైకి ఏమీ కనపడదు. గాలి వచ్చినప్పుడల్లా కాలువ మూతికి రాయి జరిపాను. గడ్డికట్ట ఊగింది గాని వేడెక్కలేదు. గడియసేపు అట్లాగే గడిచింది. వాసన ఊరంతా లేచింది. పటేలు ముక్కు ఒకటి రెండుసార్లు కదిలింది.

కార్జం వాసన కంటే మంట లేకపోవడం మా పెదబాపును ఎక్కువ కుదిపింది. వచ్చిన పదిమంది ముందూ ఆయనకు తల తీసేసినట్లయింది. "గిదేం పొయ్యి? సూసెటోళ్లేమంటరు, గీ ఇంట్ల కట్టెలు లేవంటరు. జర మంటుండాలె" అంటూ, నేను ఉప్పు కోసం అటు తిరిగేలోపల, చూరు కిందున్న ఎండిన ఈతకమ్మల మోపును తెచ్చి చువ్వల సందుల్లోంచి గుంతలోకి తోశాడు. సాయం చేద్దామనే. మంట బుస్సుమని మనిషెత్తు లేచింది. లేచిన మంట గాలికి వంగి తూర్పు దిక్కు చూసింది. అక్కడ గడ్డికట్ట ఉంది, గడ్డికట్ట పక్కన పటేలు ఉన్నాడు. పెదబాపు చేతిలో ఇంకో మోపు ఉంది.

"పెదబాపూ, పక్కకు జరుగు."

ఆ గొంతు ఎవరిదో తెలియక నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నాదే. పెదబాపు నోరు తెరిచి, చేతిలో మోపుతో అట్లాగే రెండడుగులు వెనక్కి జరిగాడు. కాలువ మూతిని రాయితో పూర్తిగా మూసి, బెల్లం కాచే పెద్ద ఇనుప బాండిని బోర్లించి గుంత మీద వేసి, దాని అంచుల మీద తడి గోనెసంచులు కప్పి ఇసుక పోశాను. రాసింది నేనే కదా, అన్నీ ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఎగిరిన ఈతరవ్వలు రెండు మూడు ఇసుకలో పడి చచ్చాయి. బాండి కింద నిప్పు రెండుసార్లు దమ్ము తీసుకుందామని చూసి ఊరుకుంది. పటేలు మంచం మీది నుంచి లేవడం మొదలుపెట్టి, పూర్తిగా లేచేసరికి అంతా అయిపోయింది.

ఆయన గడ్డికట్ట దగ్గరికి పోయి, ఒక్కొక్క పోచనూ వేళ్లతో విడదీసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అంతలో అవ్వ, "పటేలా, నీ రుమాలు" అంది. తెల్ల రుమాలు ముందు మడతలో జొన్నగింజంత నల్లటి చిల్లు, దాని చుట్టూ పొగచూరిన మరక. అమ్మ వెనక దర్వాజాకు ఆనుకుని నిలబడి ఉంది. పటేలు రుమాలు విప్పి, చిల్లులోంచి చిటికెనవేలు పెట్టి చూసి, మా పెదబాపు దిక్కు చాలాసేపు చూశాడు.

"షరతు గడ్డి మీద వెట్టిన. రుమాలు మీద వెట్టలే" అన్నాడు. "గడ్డి కాలలే. పోయినేడు నా వాము ఆర్పనీకె ఊరంత మూడు గంటలు ఉరికింది. గీ పిల్ల ఊపిరి తిప్పుకునేలోపట ఆర్పింది. బయట వండుకోండ్రి. గని నిప్పు కాడ ఈమె ఉండాలె." మళ్లీ రుమాలు చుట్టుకుంటూ, "నువ్వు మాత్రం పది గజాల దూరంల ఉండాలె" అన్నాడు పెదబాపుతో. అప్పుడు గాని బాండి తీయమనలేదు. తీసి చూస్తే మూతకింద మగ్గిన కార్జం ఎంత మెత్తగా అయిందంటే పటేలు మూడుసార్లు చెయ్యి చాపాడు. పది గజాల దూరంలో కూర్చున్న పెదబాపుకు అవ్వే ఆకులో పెట్టుకుపోయి ఇచ్చింది. "తిను కొడుకా, మంట ఫికర్ లేకుంట తిను" అంది.

పుట్టువెంట్రుకల రోజు మూడు గుంతలు తవ్వాం. మాంసమంతా చువ్వల మీద, కుండల్లో, నేల కింది నిప్పు మీదనే అయింది. పొద్దునే అడవి నుంచి కట్టె తేవలసిన పని లేదు, ఆ రెండు సంచుల బొగ్గులతోనే అరవై మంది తిన్నారు, ఇంకా అడుగున నాలుగు చేటల బొగ్గు మిగిలింది. అమ్మ చెట్టునీడలో పీట వేసుకుని కూర్చుని ముక్కలు తిప్పింది. నేను రాయి జరిపాను. మధ్యాహ్నం దాకా ఆమె ఛాతీ దిక్కే చెవులు పెట్టుకుని ఉన్నాను, పిల్లికూత వినపడలేదు. సాయంత్రం కూడా వినపడలేదు. "ఎట్లున్నదమ్మా?" అని అడిగితే, "ఉప్పు జర తక్కువైంది" అంది. మా అమ్మ వేడివేడిగా, అందరితో కలిసి తిని, వంటకు వంక పెట్టడం నేను చూసింది అదే మొదలు.

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఒక బడిలో పంతులమ్మను. అటెండరును పిలవవలసి వచ్చినా రెండుసార్లు గొంతు సవరించుకుంటాను. మొన్న సెలవులకు ఊరికి పోతే మూడిండ్ల వాకిళ్లలో గుంతలు కనపడ్డాయి. వాటికి ఊళ్లో ఒక పేరు కూడా వచ్చింది. పటేల్ పొయ్యి అంటున్నారు. ఆయన ఒప్పుకున్నాడు కాబట్టి ఆయన పేరు. చుట్టాలు అడిగితే మా పెదబాపు గుంత లోతు ఎంత ఉండాలో, గాలి మూతి ఎటు ఉండాలో, పది గజాల దూరంలో కూర్చునే అంతా వివరించి చెబుతున్నాడు, తనే కనిపెట్టినట్లు. నేను అక్కడే నిలబడి విన్నాను. అమ్మకు చెబితే, "ఎవల పేరైతేంది బిడ్డా, పొగైతె పోయింది గద" అంది.

అమ్మ మాట నిజమే. ఆమె దగ్గకుండా ఉంటే పొయ్యి పేరు ఏదైనా ఒకటే. అయినా ఆ పదిహేడేండ్ల పిల్ల చేతులకు పార పట్టి బొబ్బలెక్కడం నాకు గుర్తుంది. ఆ పిల్ల నాకంటే ధైర్యం గలది. నేను ఆమెను తలుచుకుని నవ్వుకుంటాను గాని, ఆమె కళ్లలోకి చూసే ముఖం నాకు లేదు. అందుకని ఊళ్లో నోరు తెరిచి చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాసిపెడుతున్నాను. ఆ గుంత తవ్వింది నేను.